మొర్రిగుట్ట మీద పదకొండు మంది

రాళ్లకుంట,
తూంకుంట దగ్గర, శామీర్‌పేట మండలం.
9 ఫిబ్రవరి 1998.

గుట్టలు, బంజర్ల పరిశీలన కార్యాలయం, సుచిత్ర.
అధికారి గారికి నమస్కారం.

ఈ ఉత్తరం నేను ఇవాళే రాయాలి. నిన్న పొద్దున, ప్లాట్లు చేసి అమ్మే జనార్ధన్ గారి మనుషులు మా మొర్రిగుట్ట మీద సున్నంతో గీతలు గీశారు. లేఅవుటు వేస్తారట. మార్చి మొదటివారంలో యంత్రం తెచ్చి గుట్టను చదును చేస్తారట. పంచాయతీ గోడకు అంటించిన కాగితంలో "గుట్ట మీద కాపాడదగిన మొక్కలు గానీ, నివసించే మనుషులు గానీ ఉంటే ఈ కార్యాలయానికి రాసి తెలపాలి" అని ఉంది. ఆ కాగితాన్ని మా వాడలో అందరూ చూశారు. చదివి వినిపించింది నేను. కాబట్టి రాయాల్సింది కూడా నేనే అన్నారు.

నా పేరు దీప. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే మొగులయ్య కూతురిని. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని. మేడ్చల్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, వృక్షశాస్త్రం.

గుట్ట మీద పదకొండు మొర్రి పొదలు ఉన్నాయి. కిరాణా కొట్లో సారపప్పు అని మీరు కొనేది ఈ మొర్రి గింజలోని పప్పే. అడవిలో అయితే ఇది చెట్టవుతుంది. మా గుట్ట మీద మట్టి జానెడు లేదు. మేకలు కొరుకుతాయి, కట్టెలకు నరుకుతారు, ఎండాకాలం గడ్డి అంటుకుంటుంది. అందుకని చెట్టు కావాలనే ఆశ మానుకుని పొదగా ఉండిపోయింది. ఆకు అరచేయంత వెడల్పు, తోలులా మందం. మామిడికీ జీడికీ చుట్టం. ఇప్పుడు పూత మీద ఉంది. పూత ఎంత చిన్నదంటే, దగ్గరికి వెళ్లి చూస్తే పువ్వు, దూరం నుంచి చూస్తే పొద మీద ఎవరో పొగ వదిలినట్టు.

మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. కోడలు కాపురానికి వచ్చిన ఏడాది, పండ్ల కాలంలో అత్త ఆమెను గుట్టెక్కించి ఒక పొద చూపించి "ఇది నీది" అంటుంది. ఆ రోజు నుంచి పొదకు ఆమె పేరే. మనిషి పోయినా పొదకు పేరు పోదు. మీకు గుర్తు పట్టడం తేలిక అవుతుందని ఆ పేర్ల పట్టీ రెండో కాగితంలో జతచేశాను.

మేడ్చల్‌లో ఒక ఆఫీసులో అడిగితే, మొక్కల వివరాలు రాసే మీ కార్యాలయం ఫారం నమూనా చూపించారు. అందులో ఉదాహరణగా హేజల్ అనే చలిదేశపు గింజల పొద గురించి నింపి ఉంది. బొమ్మ కూడా ఉంది. ఆకు అంచు రంపపు పళ్లలా ఉంది, గింజ ఆకుపచ్చ గౌను తొడుక్కుంది. ఆకులు రాకముందే, మంచులోనే, పూత తోకల్లా వేలాడుతుందట. ఆ బొమ్మ వైపు చాలాసేపు చూశాను. ఆ ఊళ్లో కూడా నాలాంటి అమ్మాయి ఒకతి ఈ ఫారం నింపి ఉంటుందా అనిపించింది. ఖాళీ ఫారాలు అయిపోయాయన్నారు. దయచేసి ఒకటి పంపండి.

విధేయురాలు,
దీప

(రెండో కాగితం)
లచ్చవ్వ. వయసు నూరు దాటింది. బాగా వంగిపోయింది.
బుచ్చవ్వ. అరవై. రెండుసార్లు మోకాలి దాకా నరికారు. రెండుసార్లూ లేచింది.
సాలమ్మ. ఇరవై రెండు. ఒకవైపు మేకలు తినేశాయి.
నాగమణి. పద్నాలుగు. రాతి సందులో ఇరుక్కుని ఉంది. బయటికి తీస్తే బతకదు.
మిగతా ఏడు పేర్లు వెనకవైపు.

తా.క. చోటు అయిపోయి ఈ ముక్క మీద రాస్తున్నాను. మా అవ్వ పక్కన కూర్చుని ఇది రాయమంటోంది: "గా సారుకు గిట్ల రాయ్. మావోళ్లు ఒక్కొక్కరు ఏటా ఆరు మానికల గింజలు ఇస్తరు. ఒక్కనాడు బుక్కెడు బువ్వ అడగలే. గసొంటోళ్లను ఏడికి తోలుతరు?"

*

సుచిత్ర,
20 ఫిబ్రవరి 1998.

కుమారి దీపకు,
నివాసాల సెక్షన్ నుంచి జోగారావు రాయునది.

మీ కవరు అందింది. అందులో రెండో కాగితం, తాజాకలం ముక్క మాత్రమే నా బల్ల మీదికి వచ్చాయి. మా కార్యాలయంలో పని కాగితం వారీగా జరుగుతుంది. టపా చూసే పరమేశ్ కవరు విప్పి ప్రతి కాగితాన్నీ విడివిడిగా చదువుతాడు. "మొక్క" అన్న మాట కనిపిస్తే మొక్కల సెక్షన్ బీరువాలో వేస్తాడు. మనుషుల పేర్లు కనిపిస్తే నాకు ఇస్తాడు. మొక్కల సెక్షన్ అధికారి కుర్చీ రెండేళ్లుగా ఖాళీగా ఉంది. ఆ బీరువాలోకి వెళ్లిన కాగితం గురించి నన్ను అడగవద్దు.

మీ పట్టీ చదివాక మధ్యాహ్నం భోజనం సయించలేదు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఇలాంటి కుటుంబం నా దృష్టికి రాలేదు. నూరేళ్లు దాటిన లచ్చవ్వ గారు గుట్ట మీద ఉండటమేమిటి? సాలమ్మ గారిని మేకలు తినడమేమిటి? ఆమె కేక వేయలేదా?

విచారణ ముగిసేవరకు ఆ గుట్ట మీదనుంచి ఎవరినీ కదిలించరాదని జనార్ధన్ గారికి నోటీసు పంపాను. నోటీసు నిలబడాలంటే కొన్ని వివరాలు కావాలి. వీరికి నీళ్లు ఎక్కడివి? ఎలాంటి నేల మీద ఉంటున్నారు? ఇరుగుపొరుగు ఎవరు? జాప్యం చేయకుండా రాయండి.

ఇట్లు,
జోగారావు

తా.క. నాగమణి గారు పద్నాలుగేళ్లుగా రాతి సందులో ఉంటే ఫైరింజను వాళ్లకు ఎవరూ కబురు చేయలేదా?

మరొకటి. మీ కవరు ఏ బంకతో అతికించారో గానీ పరమేశ్ కత్తెర విరిగింది.

*

రాళ్లకుంట,
27 ఫిబ్రవరి 1998.

జోగారావు గారికి నమస్కారాలు.

సార్, ముందుగా ఒక్క మాట. అవి మనుషులు కావు. మొక్కలు. మొక్కలు, మొక్కలు. మూడుసార్లు రాశాను, కింద గీత కూడా గీశాను.

మీ ఉత్తరం చదివి వినిపిస్తే మా అమ్మ సాలమ్మ "నన్ను మేకలు తిన్నయా?" అని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. చిన్నమ్మ నాగమణికి మాత్రం కోపం వచ్చింది. "ఫైరింజన్ రాకుంటే రాకపాయె, మీ చిన్నాయనన్న ఒక్కసారి వచ్చి అడిగిండా నన్ను" అంది.

అయినా మీరు అడిగారు కాబట్టి జవాబు చెప్పడం నా ధర్మం. నీళ్లు: ఎవరూ పోయరు. బండల పగుళ్లలో వాన నీరు దాగుతుంది, వేర్లు దాన్ని వెతుక్కుంటూ పోతాయి. ఎంత లోతుకు పోతాయో తవ్వి చూడలేం, బండ ఒప్పుకోదు. నేల: ఎర్ర గరప, సగం రాయి. నీరు నిలిచే చోట ఒక్క పొద కూడా లేదు. ఇరుగుపొరుగు: పరికి, బలుసు, సీతాఫలం. పికిలి పిట్టలు వచ్చిపోతుంటాయి. చలికాలం పొద్దున నేను పుస్తకం తీసుకుని గుట్టెక్కితే ఆకుల మీద మంచు తడి ఉంటుంది. ఆకు చివర బొట్టు పెద్దదవుతుంది, పెద్దదవుతుంది, పడదు. దాన్నే చూస్తూ ఎన్నోసార్లు బస్సు అందుకోలేకపోయాను.

బంక కూడా మొర్రిదే. బెరడుకు గాటు పడితే కారుతుంది. కత్తెర విషయంలో క్షమించండి.

దీప

తా.క. విడి ముక్క మీద రాస్తున్నాను, చోటు లేదు. అవ్వ అంటోంది: "బుచ్చవ్వ గురించి సారును పరేషాన్ గావద్దని రాయ్. నేను ఇంట్ల ఒకదాన్ని ఉన్న, గుట్ట మీద ఒకదాన్ని ఉన్న. గుట్ట మీద ఉన్నదే మంచిగున్నది. దానికి మోకాళ్ల నొప్పుల్లేవు."

*

సుచిత్ర,
12 మార్చి 1998.

చి. దీపకు,

మీ కాగితం మొదటి వాక్యంలోనే ఆ మాట ఉందట. కింద గీత కూడా ఉందట. పరమేశ్ నేరుగా బీరువాలో వేశాడు. అందులో ఏం రాశారో నాకు తెలిసే మార్గం లేదు. తాజాకలం ముక్క అందింది.

దాన్నిబట్టి బుచ్చవ్వ గారు ఇద్దరని తేలింది. ఒకరు ఇంట్లో, ఒకరు గుట్ట మీద. గుట్ట మీది ఆవిడ ఆరోగ్యంగా ఉన్నందుకు సంతోషం. ఇంట్లో ఆవిడ మోకాళ్లకు నువ్వుల నూనె రాయండి.

నిన్న జనార్ధన్ గారు స్వయంగా వచ్చారు. "సార్, గా గుట్ట మీద మనిషి పురుగు లేదు, మేకలు తప్ప. మీకెవరో మస్తు కథ చెప్పిన్రు" అన్నారు. నేను పట్టీ తీసి చూపించాను. పదకొండు పేర్లు, వయసులు, శరీర స్థితి అన్నీ ఉన్నాయి కదా అన్నాను. ఆయన చాలాసేపు పట్టీ చూసి "నూరేళ్లదాన్ని పొద్దుందాక ఎండల నిలవెట్టిన్రా, వీళ్లు మనుషులేనా" అని మీ కుటుంబం మీద జాలిపడి వెళ్లిపోయారు. కానీ మళ్లీ వస్తారు. విచారణ నడుస్తూ ఉంటేనే నోటీసుకు బలం. కాబట్టి ఇంకొన్ని ప్రశ్నలు.

వీరికి పిల్లలు ఎందరు? ఏయే పనులు చేస్తారు, వారి వల్ల ఎవరికి ఏమి ఉపయోగం? ఎండాకాలం ఎలా గడుపుతారు? ఒక్కొక్కరి ఎత్తు కూడా కొలిచి రాయండి.

ఇట్లు,
జోగారావు

తా.క. ఇది విచారణకు సంబంధించినది కాదు. పొద్దున్నే ఎండ మొదట వారిలో ఎవరి మీద పడుతుంది? నేనుండేది ఇక్కడ మూడో అంతస్తు. మా వసారాలోకి పక్క మేడ నీడ తప్ప ఏమీ రాదు.

*

రాళ్లకుంట,
21 మార్చి 1998.

జోగారావు గారికి నమస్కారాలు.

ఈసారి ఆ మాట వాడను. "అవి" అని మాత్రమే రాస్తాను. అవి ఏమిటో మీకు చూడగానే తెలియాలని ఒక చిన్న రెమ్మ కూడా కవరులో పెడుతున్నాను.

మొన్న సోమవారం కాలేజీ మానేసి మీ కార్యాలయానికి వచ్చాను. పరమేశ్ గారు "మనుషుల గురించా, మొక్కల గురించా చెల్లె?" అని అడిగారు. నేను నిజం చెప్పాను. ఆయన నన్ను ఒక ఖాళీ కుర్చీ ముందు కూర్చోబెట్టారు. పదకొండు గంటల నుంచి నాలుగు గంటల దాకా ఆ కుర్చీని చూశాను. దాని మీద ఎవరిదో పాత తువ్వాలు ఆరేసి ఉంది. మీ గురించి అడిగితే "జోగారావు సారు బయటికి పోయిండు" అన్నారు. రెండు గంటలప్పుడు నాకు చాయ్, రెండు బిస్కెట్లు తెచ్చి పెట్టారు. ఎవరు పంపారని అడిగితే "గా కుర్చీయే పంపిందనుకో" అన్నారు. తడిక వెనక ఎవరో దగ్గారు. మీకు కూడా జలుబు చేసి ఉంటే తులసి కషాయం తాగండి.

పిల్లలు: ఏటా వేల గింజలు రాలతాయి. గుల్ల రాయిలాంటిది. మొలిచేవి నాలుగైదు, వాటిలో మేకల నోటికి అందకుండా మిగిలేది ఏ మూడేళ్లకో ఒకటి. వేరు నుంచి వచ్చే పిలకలే ఎక్కువ. అందుకే నరికినా లేస్తాయి.

పనులు: పండు పిల్లలూ పిట్టలూ తింటారు. గింజను రాత్రంతా నానబెట్టి, గోనెపట్టాలో రుద్ది, ఎండబెట్టి, విసుర్రాయిని కొంచెం ఎత్తిపట్టి తిప్పుతారు. గట్టిగా తిప్పితే పప్పు పిండి అవుతుంది, మెత్తగా తిప్పితే గుల్ల పగలదు. అవ్వ చేయి తప్ప ఎవరి చేయీ ఆ మధ్యలో ఆగదు. పప్పు పాయసంలోకి, బాలింతకు, ముఖానికి పూసుకునే నూనెకు. తాత కాలంలో నూలు వలలు ఉన్నప్పుడు ఈ బెరడు ఉడికించిన నీళ్లలో ముంచేవారట, వల చీకిపోకుండా. నాయిన ఇప్పుడు నైలాను వల వాడతాడు. అయినా కొత్త వల కొన్న రోజు గుట్టెక్కి ఒక్కసారి బెరడుకు తాకించి వస్తాడు.

ఎండాకాలం: అన్నీ వాడిపోతే ఇవి పండుతాయి. కాయ ఆకుపచ్చ, తర్వాత ఊదా, తర్వాత నలుపు. పైన బూడిద రాసినట్టు ఉంటుంది. వేలితో తుడిస్తే కింద చెరువు అంత నల్లగా మెరుస్తుంది.

ఎత్తులు విడిగా జతచేశాను. లచ్చవ్వ ఒంగి ఉన్నందున నాలుగు అడుగులు. నిలబెడితే ఏడు.

ఎండ మొదట నాగమణి మీద పడుతుంది. తూర్పు బండ మధ్య ఒక చీలిక ఉంది, అందులోనుంచి వస్తుంది. నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

దీప

తా.క. విడి ముక్క. అవ్వ మాటలు ఆమె చెప్పినట్టే రాస్తున్నాను: "పన్నెండోది వచ్చింది సారూ. సున్నం గీత పక్కకే ఉన్నది. పసిది. దానికి దీప అని పేరు పెట్టిన. ఇన్నొద్దులు కోడళ్లకే ఇస్తిమి, బిడ్డలు పోయెటోళ్లని ఇయ్యలే. గిది సదువుకున్నది, గుట్ట కోసం కొట్లాడుతాంది. దీనికి ఇయ్యకుంటే ఇగ ఎవరికి ఇయ్యాలె?" సార్, అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి.

*

సుచిత్ర,
20 ఏప్రిల్ 1998.

అమ్మా దీపా,

ఆ మాట లేకపోయినా మీ కవరులోంచి పూత రాలింది. పరమేశ్ నిజాయతీపరుడు. కాగితం, రెమ్మ, రాలిన పూత మూడూ ఊడ్చి బీరువాలో వేశాడు. తాజాకలం, ఎత్తుల పట్టీ అందాయి. పన్నెండో ఆవిడ పేరు చేర్చాను.

జనార్ధన్ గారు పైవారికి ఫిర్యాదు చేశారు. జవాబుగా నేను పంపిన నివేదిక నకలు ఇది:

"సదరు గుట్ట మీద పన్నెండు పేర్లు నమోదైనవి. అన్నీ ఒకే ఇంటివి. వీరిలో ఎవరూ పుట్టినప్పటి నుంచి గుట్ట దిగలేదు. ఎండకు గానీ వానకు గానీ కప్పు అడగలేదు. ఇరుగుపొరుగుతో తగాదాలు లేవు. వేరొకచోటికి తరలిస్తే నాగమణి బతకదని ఆ ఇంట్లో చదువుకున్న అమ్మాయి రాసి ఇచ్చింది. వీరి మీద ఆధారపడినవారు కింద ఊళ్లో ఉన్నారు. పన్నెండు పేర్లలో ఒకటి పసిదానిది, ఏడాది లోపు."

మే నాలుగో తేదీ, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు కొత్తగా వచ్చిన అధికారిణి సృజన మేడం స్వయంగా వచ్చి హాజరు తీసుకుంటారు. పన్నెండు మందీ గుట్ట మీదే ఉండాలి. ఎవరూ కూలికి గానీ పెళ్లికి గానీ వెళ్లకూడదు. ఒక్కరు లేకపోయినా నోటీసు రద్దవుతుంది, అయిదో తేదీన యంత్రం వస్తుంది. నేను రాలేను, నా సెక్షన్ దాటి వెళ్లే అధికారం నాకు లేదు.

ఇట్లు,
జోగారావు

తా.క. హాజరుకు కొత్త చీరలు అవసరం లేదు. ఉన్నట్టే ఉంటే చాలు.

*

రాళ్లకుంట,
8 మే 1998.

జోగారావు గారికి,
మా ఇంటిల్లిపాది నమస్కారాలు.

మీ ఉత్తరం చదివిన రోజు నుంచి నాలుగో తేదీ దాకా ఇంట్లో ఇదే చర్చ. పన్నెండు మంది ఆడవాళ్లను ఎక్కడినుంచి తేవాలి? చిన్నమ్మ తన పుట్టింటి వాళ్లను పిలిపిస్తానంది. అమ్మ "చీరలు కట్టి నిలబెడదాం" అంది, మనుషులకో పొదలకో చెప్పలేదు. అవ్వ మాత్రం "గా సారు ఉన్నట్టే ఉండమన్నడు. ఉన్నట్టే ఉందాం" అని పడుకుంది. నేను అబద్ధం చెప్పకూడదనుకున్నాను. ఇంట్లో మొదట చదువుకున్నది నేను. నా మొదటి సాక్ష్యమే దొంగదైతే, రేపు మా ఇంటి కాగితం ఎవరు నమ్ముతారు? మేడం రాగానే నిజం చెప్పి, గుట్ట పోతే పోయిందని ఏడుద్దామనుకున్నాను.

నాలుగో తేదీ పొద్దున పండ్లు నల్లబడి ఉన్నాయి. ఎండ నాగమణి మీదికి వచ్చింది. మేడం వచ్చారు, వయసులో నాకంటే ఆరేడేళ్లు పెద్ద, అంతే. వెనక జనార్ధన్ గారు గొడుగు వేసుకుని, ఇద్దరు మనుషులతో, నవ్వుకుంటూ వచ్చారు. నేను నోరు తెరిచేలోపే మేడం పట్టీ తీసి గట్టిగా చదివారు.

"లచ్చవ్వ!"

అవ్వ వెళ్లి వంగిన పొద మీద చేయి వేసింది. "ఉన్నది."

"బుచ్చవ్వ!"

"ఉన్నది. నేను సుత ఉన్న."

"సాలమ్మ!"

"ఉన్నది. ఒకదిక్కు మేకలు తిన్నయి, మిగిలింది ఉన్నది" అంది అమ్మ.

జనార్ధన్ గారు గొడుగు కింద పడేశారు. "మేడం, గివి చెట్లు! నేను మొదటి సంది చెప్తున్న, గీడ మనుషుల్లేరని!"

"అవును. చెట్లను చూడటానికే వచ్చాను. నాది మొక్కల సెక్షన్" అన్నారు మేడం.

చివర "దీప!" అని పిలిచారు. సున్నం గీత పక్కన రెండు ఆకులతో నిలబడ్డదాని ముందు నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. "ఉన్నాను" అన్నాను. ఏ దీప తరఫున చెప్పానో నాకే తెలియలేదు.

తర్వాత మేడం బండ మీద కూర్చుని సంచిలోంచి ఒక కట్ట తీశారు. నా కాగితాలన్నీ. వరసగా, తేదీల ప్రకారం, నాడా కట్టి ఉన్నాయి. ఎండిన రెమ్మ కూడా ఉంది, కాగితానికి అతికించి. మొర్రి బంకతోనే అనుకుంటాను. మీ కార్యాలయంలో ఎవరు ఏ కాగితం చదివినా మూలన పొట్టి సంతకం, తేదీ పెట్టాలట కదా. మేడం చూపించారు. ఆకుపచ్చ సిరా. జో. రా. మొదటి కాగితం మీద ఫిబ్రవరి 12. మూడుసార్లు "మొక్కలు" అని రాసి గీత గీసిన కాగితం మీద మార్చి 2. పూత రాలిన కాగితం మీద మార్చి 25. అన్నీ వచ్చిన రోజునో మర్నాడో చదివారు మీరు. ఆ బీరువాకు అసలు తాళమే లేదట.

కట్ట అడుగున నేను ఫిబ్రవరిలో అడిగిన ఫారం ఉంది. పైన హేజల్ బొమ్మ, గౌను తొడుక్కున్న గింజ. కింద ప్రశ్నలు. నీటి వసతి. నేల. చుట్టూ పెరిగేవి. ఎత్తు. మొలక. ఉపయోగాలు. వేసవిలో స్థితి. ఎండ ఏ దిక్కు నుంచి. మీరు నన్ను అడిగినవన్నీ అవే సార్! జవాబులన్నీ మీ చేతిరాతతో నింపి ఉన్నాయి. ఆరోగ్యం అన్న చోట "మోకాళ్ల నొప్పులు లేవు" అని ఉంది.

అధికారి లేని సెక్షన్‌లో తొంభై రోజులు కదలకుండా ఉన్న కాగితాన్ని చదవకుండానే మూసేస్తారని, మనుషుల పేర్లున్న విచారణను మాత్రం మూయలేరని మేడం చెప్పారు. మా కాగితానికి ఇంకా తొమ్మిది రోజులే మిగిలి ఉన్నాయట, మేడం వచ్చేదాకా గుట్టను కాపాడింది ఆ విచారణేనట. నేను ఇంటికి వచ్చి మీ నివేదిక మళ్లీ చదివాను. ఎక్కడైనా ఒక్క అబద్ధం ఉందేమోనని వేలు పెట్టి చదివాను. లేదు.

మొర్రిగుట్టను మేడం మొక్కల రిజిస్టరులో ఎక్కించారు. లేఅవుటు గీత గుట్ట కిందికి జరిగింది. జనార్ధన్ గారు కాసేపు అలిగి, తర్వాత రెండు దోసిళ్ల పండ్లు తిన్నారు. మర్నాడే రోడ్డు మీద ఆయన కొత్త బోర్డు వెలిసింది. "మొర్రిగుట్ట కనిపించే ప్లాట్లు" అని ఉంది. పదకొండు పొదల బొమ్మ వేయమంటే పెయింటరు పదకొండు కొబ్బరిచెట్లు వేశాడు.

ఇగ అవ్వ మాట. మీకు కూడా ఒక పొద ఇవ్వాలంటోంది. పద్ధతి ప్రకారం ఆడవాళ్ల పేరే పెట్టాలి. మీ ఇంట్లో అమ్మగారిదో, భార్యదో, కూతురిదో, మీకు నచ్చిన పేరు ఏదైనా సరే. మొర్రి గింజ పండు నుంచి తీశాక ఎక్కువ రోజులు ఆగదు. తొలకరికి ముందే, నాగమణి పక్కన చీలికలో నాటాలి. ఎండ మొదట పడే చోటు అదే. మీ వసారాలోకి రాని ఎండ అక్కడికి వస్తుంది.

ఎప్పటికీ కృతజ్ఞురాలు,
దీప

తా.క. ఈ ఉత్తరంలో "మొక్క" అన్న మాట కావాలనే దాచకుండా రాశాను. పరమేశ్ గారు బీరువాలో వేస్తారు, మీకు ఆ రోజే అందుతుంది. అవ్వ అంటోంది: "ఇంట్ల ఆడోళ్లెవరు లేకుంటే జోగారావు అనే పెడ్దాం. గని కోడళ్ల లెక్కనే ఉండాలె, బువ్వ అడగొద్దు, గుట్ట దిగొద్దు." కత్తెర పాడవకుండా ఈసారి కవరు అన్నం మెతుకులతో అతికించాను. గింజలు నీడలో ఆరబెట్టి ఉంచాను సార్. పేరు రాసి మే 25లోగా జవాబు పంపండి.